పాలు పడలేదు

"పాలు పడలేదు" అనే వాక్యానికి తెలుగులో రెండు అర్థాలున్నాయి. కాన్పయిన రెండో రోజో మూడో రోజో బాలింతను చూడవచ్చిన పెద్దావిడ ఈ మాట అంటే, తల్లికి ఇంకా పాలు రాలేదని అర్థం. అదే మాటను మూడో నెలలో, బుగ్గలు ఎర్రగా పేలి, చెమ్మ ఊరుతూ, రాత్రంతా తల అటూ ఇటూ రాసుకునే పసివాణ్ణి చూసి అంటే, తాగిన పాలు వాడి ఒంటికి సరిపడలేదని అర్థం. మొదటిది తల్లి శరీరం గురించిన మాట, రెండోది బిడ్డ శరీరం గురించిన మాట. కానీ రెండు సందర్భాల్లోనూ చుట్టూ ఉన్నవాళ్ళ చూపు తల్లి వైపే తిరుగుతుంది. నువ్వేం తిన్నావు? ఏం తాగావు? పథ్యం తప్పావా?

వైద్యులు ఎలర్జీ అనేదానికి మనవాళ్ళు ఏనాటినుంచో వాడుతున్న మాట "పడకపోవడం". ఇరవయ్యో శతాబ్దంలో ఐరోపావారు గ్రీకు ధాతువులు వెతికి పేరు పెట్టుకున్న సంగతిని మన ఇళ్ళలో ఒక్క క్రియతో చెప్పుకునేవారు. ఆయుర్వేదంలో సాత్మ్యం, అసాత్మ్యం అనే జంటపదాల వెనుక ఉన్నదీ దాదాపు ఇదే ఊహ. ఒకరికి ఆహారమైనది మరొకరికి ఎందుకు కాదన్న ప్రశ్న పాతది. దానికి ఏ కాలం వారు ఏ జవాబు చెప్పారు, ఆ జవాబుకు ఎవరు మూల్యం చెల్లించారు అన్నది ఈ టపాలో మా మైలవరం వైపునుంచి చూసే ప్రయత్నం.

మైలవరం అనగానే చాలామందికి నాటక సమాజం గుర్తుకొస్తుంది, జమీందారీ గుర్తుకొస్తుంది. నాకు ముందు గుర్తొచ్చేది ఊరి నైసర్గిక స్థితి. విజయవాడకు వాయవ్యంగా, కొండపల్లి దాటాక, డెల్టా ముగిసి మెట్ట మొదలయ్యే అంచున ఉంటుంది మా ఊరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగాక ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది గానీ, అంతకుముందంతా కృష్ణా జిల్లాయే. బుడమేరు పుట్టేది ఇక్కడి కొండల్లోనే. అది విజయవాడ పక్కగా కొల్లేటికి చేరేలోపు రెండు వేర్వేరు పశుసంపదల గుండా ప్రవహిస్తుంది. పైన మేకలు, గొర్రెలు, కొండవాలు మేత. కింద కాలువలు, వరిగడ్డి, గేదెలు. ఏ బిడ్డకు ఏ పాలు దొరికాయన్నది చాలాకాలం ఈ నేలవాలే నిర్ణయించింది.

పేరులోనే చిక్కు

ముందు జబ్బు పేరు సంగతి. పసిపిల్లల బుగ్గల మీద, నుదుటి మీద, మోచేతుల మీద వచ్చే ఈ దురద పొక్కులకు తెలుగులో ప్రత్యేకమైన పేరు నిలవలేదు. వాడుకలో గజ్జి అంటారు, తామర అంటారు, చిడుము అంటారు. వైద్యుల లెక్కలో గజ్జి అంటే చర్మంలో దూరే సూక్ష్మమైన పురుగు వల్ల వచ్చేది, ఒకరినుంచి ఒకరికి అంటుకునేది. తామర అంటే శిలీంధ్రం వల్ల వచ్చేది, అదీ అంటుకునేదే. పసిపిల్లల ఎగ్జిమా అంటుకోదు. కానీ అంటుకునే జబ్బుల పేరు పెట్టడంవల్ల బిడ్డను ఎత్తుకునేవాళ్ళు తగ్గిపోతారు, తల్లి శుభ్రత మీద మాట పడుతుంది, మందుల దుకాణంలో తామర లేపనం చేతికొస్తుంది. పేరు తప్పితే మందూ తప్పుతుందనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

చరకసంహితలో క్షుద్రకుష్ఠాల జాబితాలో విచర్చిక అని ఒకటుంది. దురద, నల్లబారిన పొక్కులు, ఎడతెగని స్రావం దాని లక్షణాలు. ఇప్పటి ఆయుర్వేద వైద్యులు ఎగ్జిమాను దానితోనే పోలుస్తారు. ఐరోపాలో పసిపిల్లల ఎగ్జిమాకు చిరకాలం ఉన్న లాటిన్ పేరు "క్రస్టా లాక్టియా", అంటే పాలపెచ్చు. జర్మన్ భాషలో ఇప్పటికీ అదే అర్థం వచ్చే "మిల్ష్‌షోర్ఫ్" అనే మాట ఉంది. బిడ్డ తలమీద, బుగ్గలమీద కట్టే పసుపుపచ్చని పెచ్చు అడుగంటిన పాలగిన్నెను గుర్తుచేస్తుందని పెట్టిన పేరట. రూపాన్ని బట్టి వచ్చిన పేరు కాలక్రమాన కారణాన్ని సూచించే పేరుగా స్థిరపడింది. పాలపెచ్చు కాబట్టి పాలవల్లే వచ్చి ఉంటుందని తల్లులూ అనుకున్నారు, వైద్యులూ అనుకున్నారు.

క్షీరదోషం, బాలింత పథ్యం

మన ప్రాచీన వైద్యం పసివాడి జబ్బును పాలలో వెతికింది. పాలిచ్చే స్త్రీకి ఆయుర్వేదంలో ఉన్న పేరు ధాత్రి. ఆమె ఎలా ఉండాలి, ఏం తినాలి, ఆమె పాలు మంచివని ఎలా తెలుసుకోవాలి అన్న చర్చ చరకంలోనే విస్తారంగా ఉంది. చికిత్సాస్థానంలో ఎనిమిది క్షీరదోషాలను చెప్పి, వాటికి మందు బిడ్డకు కాక పాలిచ్చేవారికి ఇవ్వాలన్నారు. నేపాలులో బయటపడి 1938లో అచ్చయిన కాశ్యపసంహిత పూర్తిగా శిశువైద్యానికి సంబంధించిన గ్రంథమే. అందులోనూ ఇదే దృష్టి. తల్లి తిన్నది పాలలోకి వస్తుంది, పాలద్వారా బిడ్డను చేరుతుంది అన్నది ఈ ఆలోచనకు పునాది.

ఈ పునాది తప్పు కాదు. తల్లి తాగిన ఆవుపాలలోని మాంసకృత్తులు అతి సూక్ష్మమైన పరిమాణంలో ఆమె పాలలో కనిపిస్తాయని ఇరవయ్యో శతాబ్దపు ప్రయోగశాలలు నిరూపించాయి. అయితే శాస్త్రగ్రంథంలో ఉన్న ఊహ వంటింటికి వచ్చేసరికి వేరే రూపం తీసుకుంది. మా వైపు బాలింత పథ్యం తెలిసినవారికి చెప్పనక్కరలేదు. కాయపు ఉండ, వెల్లుల్లి కారం, పాత బియ్యపు అన్నం, నెయ్యి. వంకాయ వద్దు, గోంగూర వద్దు, చిక్కుడు వద్దు, చల్లటివేవీ వద్దు. బిడ్డ ఒంటిమీద ఒక పొక్కు లేస్తే ఆ జాబితా ఇంకా పొడుగవుతుంది, పళ్ళెం ఇంకా ఖాళీ అవుతుంది.

ఈ పథ్యంలో ఒక విచిత్రముంది. అన్ని కూరలమీదా అనుమానపు నీడ పడింది గానీ నేతిమీద, పాలమీద పడలేదు. బాలింత పాలు బాగా తాగితేనే బిడ్డకు పాలు పడతాయన్న నమ్మకం వల్ల, మిగిలినవన్నీ మానినా గ్లాసెడు పాలు మాత్రం మానలేదు. పాలు నిజంగా పడని బిడ్డ ఆ ఇంట్లో ఉంటే, తల్లి వంకాయ మాని పాలు తాగుతున్నంతకాలం వాడి బుగ్గలు మానవు. పాలు పడే బిడ్డ అయితే, తల్లి ఏ కారణమూ లేకుండా ఆరు నెలలు వట్టి కారమన్నంతో గడుపుతుంది. కాన్పులో రక్తం పోయి, బిడ్డకు పాలిస్తూ, ఎప్పటికన్నా ఎక్కువ తినవలసిన రోజుల్లో అందరికంటే తక్కువ తినేది ఆమే.

ఏ పశువు పాలు?

తల్లిపాలు లేకపోతే? వాగ్భటుడు మేకపాలో ఆవుపాలో తగిన మూలికలతో కాచి ఇమ్మన్నాడు. మా మెట్టప్రాంతంలో మేకపాలు సులభంగా దొరికేవి. దిగువన డెల్టాలో కథ మారింది. 1833 నాటి నందన కరువు గుంటూరు, కృష్ణా ప్రాంతాలను తుడిచిపెట్టాక, బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టాలన్న ఆలోచన బలపడింది. ఆర్థర్ కాటన్ పథకం, ఛార్లెస్ ఓర్ పర్యవేక్షణలో 1852లో మొదలై 1855లో పూర్తయింది. కాలువలు వచ్చాక వరి వచ్చింది, వరితో గడ్డి వచ్చింది, వరి కోసిన చేలలో పిల్లిపెసర, జనుము పశుగ్రాసంగా వచ్చాయి. ఆ గడ్డిని అందరికంటే బాగా పాలుగా మార్చగలిగినది గేదె. ఎద్దు కోసం ఆవు, పాల కోసం గేదె అనే విభజన డెల్టా ఇళ్ళలో స్థిరపడింది.

కాబట్టి ప్రపంచమంతా "ఆవుపాల ఎలర్జీ" అని రాసే చోట మన ప్రాంతంలో "గేదెపాలు పడకపోవడం" అని చదువుకోవాలి. గేదెపాలలో వెన్న ఆరునుంచి ఎనిమిది శాతం వరకు ఉంటుంది, మాంసకృత్తులు నాలుగు శాతం దాకా ఉంటాయి. తల్లిపాలలో మాంసకృత్తులు ఒక శాతమే. పసివాడికి అరగదని సగానికి సగం నీళ్ళు కలిపి ఉగ్గుగిన్నెతో పోసేవారు. అలా కలిపినప్పుడు మాంసకృత్తులు తగ్గుతాయి, వాటితోబాటు బలమూ తగ్గుతుంది. ఎలర్జీ మాత్రం తగ్గదు, ఎందుకంటే దానికి కారణమైన పదార్థం కొద్దిగా ఉన్నా చాలు.

"ఆవుపాలు పడకపోతే గేదెపాలు పట్టండి, గేదెవి పడకపోతే మేకవి పట్టండి" అనే సలహా నేటికీ వినిపిస్తుంది. ఈ మూడింటి పాలలోనూ ప్రధానమైన మాంసకృత్తులు చాలా దగ్గరి పోలికలతో ఉంటాయి. తల్లిపాలలో అసలే ఉండని బీటా లాక్టోగ్లోబులిన్ ఈ మూడింటిలోనూ ఉంటుంది. ఆవుపాల ఎలర్జీ ఉన్న పిల్లల్లో పదిమందికి తొమ్మిదిమంది మేకపాలకూ అలాగే స్పందిస్తారని పరీక్షల్లో తేలింది. పశువును మార్చినా బిడ్డ శరీరం గుర్తుపట్టేది ఆ మాంసకృత్తుల పోలికనే.

ఈ వరుసలో గాడిద మాత్రం వేరు. వీధుల్లో గాడిదను తోలుకుంటూ, పిలిచిన ఇంటి ముందు అక్కడికక్కడే చిన్న గిన్నెడు పిండి ఇచ్చేవాళ్ళను మన కోస్తా పట్టణాల్లో చూడనివారు తక్కువ. దగ్గుకు, ఉబ్బసానికి, ఒంటిమీద పొక్కులకు గాడిదపాలు మంచివని నమ్మకం. చదువుకున్నవాళ్ళు దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేస్తారు. చరిత్ర అంత తేలిగ్గా కొట్టిపారేయనివ్వదు. 1880ల ప్రాంతంలో పారిస్‌లోని అనాథశిశువుల ఆసుపత్రిలో పారో అనే వైద్యుడు, సిఫిలిస్ ఉండటంవల్ల దాదులు పాలివ్వడానికి వెనుకాడిన శిశువులను నేరుగా గాడిదల పొదుగుకే పట్టించాడు. 2007లో ఇటలీలో ప్రకటించిన ఒక పరిశోధనలో, ఆవుపాలు పడని 46 మంది పిల్లలకు గాడిదపాలు పట్టి చూస్తే 38 మందికి పడ్డాయి. గాడిదపాలలో మాంసకృత్తులు తక్కువ, వాటి అమరిక తల్లిపాలకు దగ్గర.

అంటే వీధిలో పిలిచి కొనే ఆ గిన్నెడు పాలలో సగం నిజముంది. మిగతా సగం కూడా చెప్పాలి. ఇటలీలో ఇచ్చినవి వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చిన పాలు. మన వీధిలో పోసేవి కాచని పచ్చిపాలు, వాటితో రోగక్రిములు వచ్చే ప్రమాదముంది. గాడిదపాలలో వెన్న దాదాపు లేనట్టే, కాబట్టి వాటిమీదే ఆధారపడిన బిడ్డ చిక్కిపోతాడు. పైగా మన దేశంలో ఆ జంతువే మాయమవుతోంది. 2012 పశుగణనలో దేశం మొత్తానికి మూడు లక్షల ఇరవై వేల గాడిదలుంటే 2019 నాటికి లక్షా ఇరవై వేలు మిగిలాయి.

డబ్బాపాలు వచ్చిన దారి

1867లో స్విట్జర్లాండులో హెన్రీ నెస్లే పాలు, గోధుమపిండి, చక్కెర కలిపి పసిపిల్లల పొడి తయారుచేశాడు. అదీ, దాని పోటీదార్లూ క్రమంగా బ్రిటిష్ ఇండియా పట్టణాలకు చేరాయి. మొదట దొరల ఇళ్ళు, తర్వాత ఉద్యోగస్థుల ఇళ్ళు. డబ్బా మీద బొద్దుగా నవ్వే పిల్లవాడి బొమ్మ ఉండేది. తన పాలు చాలవేమో, మంచివి కావేమో అని ఇంట్లో రోజూ వినే తల్లికి ఆ బొమ్మను చూపించడం కంటే పెద్ద వ్యాపార ప్రకటన అక్కరలేదు. పెద్దావిడ "పాలు పడలేదు" అన్నదాన్నే డబ్బా మరో మర్యాదైన భాషలో అన్నది. 1939లో సింగపూరులో సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు, శిశువులకు డబ్బాపాలు అంటగట్టడం హత్యతో సమానమని రోటరీ క్లబ్బు సభ్యుల ఎదుటే ప్రసంగించింది.

మన దేశపు డబ్బా కథకు మలుపు గేదె. గేదెపాలను పొడిచేయడం సాధ్యం కాదని విదేశీ నిపుణులు తేల్చి చెప్పిన రోజుల్లో, గుజరాత్‌లోని ఆనంద్‌లో హెచ్.ఎం. దలాయా అది చేసి చూపించాడు. 1955 అక్టోబరు 31న నెహ్రూ ఆ కర్మాగారాన్ని ప్రారంభించారు. తర్వాత మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ గేదెపాలనుంచి పసిపిల్లల పొడి చేసే పద్ధతిని రూపొందించింది. 1960లో ఆంధ్రప్రదేశ్‌లో సమగ్ర పాల పథకం మొదలైంది. యూనిసెఫ్ సాయంతో ఆ దశాబ్దం చివరికి విజయవాడలో పాల ఉత్పత్తుల కర్మాగారం వచ్చింది. చిట్టినగర్ దగ్గర ఇప్పటికీ జనం "మిల్క్ ప్రాజెక్టు" అనే పిలుస్తారు. 1974లో రాష్ట్ర పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ, 1981లో సహకార సమాఖ్య ఏర్పడ్డాయి.

ఊరూరా పాలకేంద్రం వచ్చింది. వెన్నశాతాన్ని బట్టి ధర కట్టడంతో గేదె విలువ ఇంకా పెరిగింది. పొద్దున్నే పాలు కేంద్రంలో పోసి, పదిహేను రోజులకోసారి డబ్బు తెచ్చుకోవడం ఎన్నో మెట్టకుటుంబాలను కరువుకాలంలో నిలబెట్టింది. ఈ మేలును తక్కువచేసి చూడకూడదు. అదే సమయంలో ఇంటి పాలు కేంద్రానికి, కేంద్రంనుంచి కర్మాగారానికి, అక్కడినుంచి పొడిగా డబ్బాలోకి, డబ్బాగా తిరిగి ఊరి కిరాణాకొట్టుకు వచ్చే చక్రం ఒకటి మొదలైంది.

1981 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ తల్లిపాల ప్రత్యామ్నాయాల వ్యాపారానికి నియమావళి ఆమోదించింది. మన దేశం 1992లో చట్టమే చేసింది, 2003లో దాన్ని ఇంకా బిగించింది. రెండేళ్ళలోపు పిల్లల ఆహారానికి ప్రకటనలు ఇవ్వరాదు, డబ్బామీద శిశువు బొమ్మ ఉండరాదు. నవ్వే పిల్లవాడు అలా డబ్బామీదనుంచి దిగిపోయాడు. అయినా పాలకు మన మనసులో ఉన్న స్థానం ఎలాంటిదో 2024 సెప్టెంబరులో మరోసారి తెలిసింది. బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నప్పుడు, మేడలమీదనుంచి జనం మంచినీళ్ళతోపాటు మొదట అడిగినవి పాలే.

అనుమానానికి శాస్త్రం

1906లో వియన్నా శిశువైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే "ఎలర్జీ" అనే మాటను సృష్టించాడు. శరీరం ఒక పదార్థాన్ని ఒకసారి ఎరిగాక, రెండోసారి వేరే రకంగా స్పందిస్తుందన్నది ఆ మాటకు అర్థం. 1921లో జర్మనీలో హైంజ్ క్యూస్ట్‌నర్ అనే వైద్యుడికి చేప పడదు. అతని రక్తరసాన్ని సహచరుడు కార్ల్ ప్రౌస్నిట్స్ తన చర్మంలోకి ఎక్కించుకుని, అక్కడ చేపసారం గుచ్చుకుంటే అంతవరకే దద్దురు లేచింది. పడకపోవడానికి కారణమైనదేదో రక్తంలో ఉందని అలా రుజువైంది. అదేమిటో తెలియడానికి మరో నలభై అయిదేళ్ళు పట్టింది. 1966లో అమెరికాలో ఇషిజాకా దంపతులు, మరుసటి ఏడాది స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ విడివిడిగా దాన్ని పట్టుకున్నారు. 1968లో దానికి ఐజీఈ అని పేరు స్థిరపడింది.

ఈలోగా 1923లో కోకా, కుక్ అనే ఇద్దరు ఉబ్బసం, గడ్డిజ్వరం వంటివి ఒకే కుటుంబాల్లో కలిసి రావడాన్ని గమనించి "అటోపీ" అన్నారు. 1933లో వైజ్, సుల్జ్‌బర్గర్ ఎగ్జిమాను ఆ గూటికి చేర్చి అటోపిక్ డెర్మటైటిస్ అన్నారు. 1929లో అమెరికాలో పాలు పడని శిశువులకు సోయా ఆహారం తయారైంది, 1942లో పాల మాంసకృత్తులను ముందే చిన్న ముక్కలుగా విరగ్గొట్టిన పొడి వచ్చింది. 1952లో సుల్జ్‌బర్గర్ హైడ్రోకార్టిజోన్ లేపనం ఎగ్జిమాకు పనిచేస్తుందని చూపించాడు.

ఇంత జరిగినా ఒక ప్రశ్న మిగిలింది. పాలు పడకపోవడంవల్ల ఎగ్జిమా వస్తుందా, లేక రెండూ ఒకే బిడ్డలో కలిసి కనిపిస్తాయా? పాలు మానిపిస్తే కొందరు పిల్లల చర్మం నిజంగానే మానేది. ఎక్కువమందిది మానేది కాదు.

2006లో స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ ప్రశ్నను తలకిందులు చేశారు. చర్మపు పైపొరను బిగువుగా ఉంచే ఫిలాగ్రిన్ అనే మాంసకృత్తి జన్యువులో లోపమున్నవారికి ఎగ్జిమా వచ్చే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువని తేల్చారు. అంటే చాలామంది పిల్లల్లో మొదటి లోపం చర్మపు గోడలో ఉంది, పాలలో కాదు. ఆ పగుళ్ళలోంచి లోపలికి పోయిన ఆహారకణాలను శరీరం శత్రువులుగా గుర్తుపెట్టుకుంటుంది, నోటిద్వారా పోయినవాటిని స్నేహితులుగా నేర్చుకుంటుంది. 2003లో బ్రిటన్‌లో వేరుశనగనూనె కలిసిన లేపనాలకూ పిల్లల్లో వేరుశనగ ఎలర్జీకీ సంబంధం కనబడింది. 2011 ప్రాంతంలో జపాన్‌లో గోధుమ మాంసకృత్తి కలిపిన ముఖసబ్బు వాడిన రెండువేల మందికి పైగా గోధుమ పడకుండా పోయింది. వాళ్ళంతా అంతకుముందు గోధుమ తిన్నవాళ్ళే.

ఇక్కడ మన ఇళ్ళలోని నలుగు గుర్తుకురాక మానదు. ఆరోగ్యమైన చర్మానికి నలుగుపిండి ఏం చేస్తుందన్నది వేరే చర్చ. కానీ పేలిపోయి, చెమ్మ ఊరుతున్న బుగ్గలమీద శనగపిండో పెసరపిండో గట్టిగా రుద్దడం ఆ గోడకు మిగిలిన కాస్త సున్నాన్నీ గీకేయడమే. స్నానం చేయించిన వెంటనే తడి ఆరకముందే మెత్తటి లేపనం రాయడమే నేటి వైద్యం మొదటి పాఠం. కొబ్బరినూనె కూడా పనికొస్తుందని 2014లో ఫిలిప్పీన్స్‌లో జరిగిన పరిశోధన చెబుతోంది. అయితే పుట్టినప్పటినుంచీ రోజూ లేపనం రాస్తే ఎగ్జిమా రాకుండా ఆపవచ్చన్న ఆశ మాత్రం 2020లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరిశోధనలో నెరవేరలేదు.

అనుమానం ఖరీదు

పాలు పడకపోవడం కల్పన కాదు. పాలు తాగిన నిమిషాల్లో దద్దుర్లు లేచి, పెదవులు వాచి, వాంతులై, ఊపిరాడని స్థితికి వెళ్ళే బిడ్డలున్నారు. వాళ్ళ విషయంలో ఆలస్యం ప్రాణాంతకం, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. కానీ అలాంటివారు ఎగ్జిమా ఉన్న పిల్లలందరిలో కొద్దిమందే. ఎగ్జిమా తీవ్రంగా ఉన్నవారిలోనే మూడోవంతు దాకా ఏదో ఒక ఆహారం పడనివారుంటారు. తేలికపాటిగా ఉన్నవారిలో ఇంకా తక్కువ.

మన బామ్మల అనుమానమే ఇప్పుడు వ్యాపారం చేతికి చిక్కింది. ఇంగ్లండులో పాలు పడని శిశువులకు రాసే ప్రత్యేక పొడి చీటీలు 2006లో సుమారు లక్షా అయిదు వేలుంటే, 2016 నాటికి ఆరు లక్షలు దాటాయి. ఆ పదేళ్ళలో పాలు పడని పిల్లలు అన్ని రెట్లు పెరిగారనడానికి ఆధారం లేదు. ఈ వ్యత్యాసాన్నీ, దాని వెనుక పొడి కంపెనీల ప్రభావాన్నీ 2018లో ఒక ప్రముఖ బ్రిటిష్ వైద్యపత్రిక బయటపెట్టింది. మన దగ్గర అలాంటి పొడి ధర మామూలు డబ్బాకు ఎన్నో రెట్లు. అవసరంలేని ఇంట్లో అది నెల జీతాన్ని తినేస్తుంది.

నిర్ధారణ పద్ధతి నిజానికి సులువైనది, ఓపిక కోరేది. తల్లిపాలు తాగే బిడ్డ అయితే తల్లిపాలు మానిపించకుండా, తల్లి రెండునుంచి నాలుగు వారాలు పాలు, పెరుగు, మజ్జిగ వంటివి మాని చూడాలి. చర్మం మెరుగుపడితే అక్కడితో ఆగకూడదు, మళ్ళీ తిని చూడాలి. మళ్ళీ పేలితేనే పాలు పడలేదని అర్థం. పేలకపోతే ఆ మెరుగుకు కారణం వేరే ఉంది, తల్లి హాయిగా పెరుగన్నం తినవచ్చు. తాగగానే దద్దురు, వాపు వచ్చే బిడ్డ విషయంలో ఈ ప్రయత్నం ఇంట్లో చేయనేకూడదు, వైద్యుడి ఎదుటే జరగాలి. రక్తపరీక్షలో ఐజీఈ కనిపించినంత మాత్రాన ఎలర్జీ ఉన్నట్టు కాదు. పాలచక్కెర అరగకపోవడం కూడా ఇది కాదు, దానికి చర్మంతో పనిలేదు. నిజంగా పాలు పడని పిల్లల్లో కూడా చాలామందికి బడి వయసు వచ్చేసరికి అవి పడతాయి.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే విలువగా తోచేది "మళ్ళీ తిని చూడాలి" అన్న రెండో సగం. పథ్యానికి మనవాళ్ళు మొదలు పెట్టడం నేర్పారు, ముగించడం నేర్పలేదు. వంకాయ మానమన్న పెద్దావిడ మళ్ళీ ఎప్పుడు తినాలో చెప్పలేదు. డబ్బా కొనమన్నవాళ్ళూ ఎప్పుడు ఆపాలో చెప్పలేదు. మోపిన నేరం విచారణకు రాకుండా సంవత్సరాలు గడిచిపోయాయి, శిక్ష మాత్రం రోజూ అమలయింది. బిడ్డ చర్మం తన కాలం వచ్చినప్పుడు తానే మానింది, పుణ్యం పథ్యానికి దక్కింది.

చదువరులకు ఒక విన్నపం. పసిపిల్లల ఈ చర్మపు జబ్బుకు మీ ప్రాంతంలో, మీ ఇళ్ళలో ఏ పేరు వాడతారో, బాలింతకు ఏమేం మానిపిస్తారో వ్యాఖ్యల్లో రాయండి. రాయలసీమలో, ఉత్తరాంధ్రలో, తెలంగాణలో ఈ మాటలు వేరుగా ఉంటాయని నా ఊహ. గజ్జి కాని, తామర కాని, అంటుకోని ఈ జబ్బుకు ఎక్కడో ఒక చక్కని తెలుగు పేరు ఉండే ఉంటుంది. అది దొరికితే కనీసం మందుల దుకాణం ముందు నిలబడ్డ ఒక తల్లికైనా పనికొస్తుంది.